నంబర్ ప్లేట్ లేనిదానికి రూలేందన్నా?

మహబూబ్‌నగర్‌లో నేను పేపర్ ఏజెంట్‌ని. రోడ్ల గురించి రాయడానికి నీకేం అర్హత అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇదొక్కటే ఉంది: ఈ ఊరి రోడ్లను తెల్లవారుజామున నాలుగింటికి చూస్తాను, బడి పిల్లల ఆటోలు ఎగబడే తొమ్మిదింటికి చూస్తాను, నెల మొదట్లో బిల్లుల కోసం తిరిగేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా చూస్తాను. బిల్లులకు నడిచే పోతాను. సందుసందునా బండి ఆపి, స్టాండ్ వేసి, మళ్లీ ఎక్కడం కంటే నడకే నయం.

నా దగ్గర పేపర్ వేసే పిల్లలందరూ ఇంటరో డిగ్రీయో చదువుకునేవాళ్లు. ఒకరిద్దరికి బైకులున్నాయి, మిగతావన్నీ సైకిళ్లే. పార్సిల్ వ్యాన్ కట్టలు దించి పోయాక, మెయిన్ పేపర్‌లో జిల్లా పేపర్, జిల్లా పేపర్‌లో పాంప్లెట్ పెట్టి, లెక్క చూసుకుని, కొన్ని క్యారియర్‌కు కట్టి, మిగతావి హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో వేసుకుని పోతారు. ఆ బరువుతో సైకిల్ మొదటి వంద గజాలు నిలకడగా పోదు. అలాంటి సైకిల్ చీకట్లో రోడ్డుకు రాంగ్ సైడ్‌లో, లైట్ లేకుండా వస్తుంటే ఎదురుపడేది ఎవరు? వాకింగ్‌కు వచ్చినవాళ్లు. షుగర్ ఉందని డాక్టర్ నడవమన్నవాళ్లు. అంటే ముప్పాతిక మంది నా చందాదారులే.

రాంగ్ సైడ్ ఎందుకు వస్తారో చెప్పాలంటే మన మెయిన్ రోడ్డు గురించి చెప్పాలి. జడ్చర్ల నుంచి అప్పన్నపల్లి మీదుగా ఊళ్లోకి వచ్చి, ఊరు దాటాక దేవరకద్ర, మక్తల్ మీదుగా రాయచూర్ పోయే 167వ నంబర్ జాతీయ రహదారే మనకు బజారు కూడా. లారీ డ్రైవర్‌కు అది హైవే. పాల ప్యాకెట్ కోసం చెప్పులు వేసుకుని బయటికొచ్చిన ఆమెకు అది ఇంటి ముందు వీధి. మధ్యలో డివైడర్ కట్టారు. ఎదురెదురుగా గుద్దుకోవడం తగ్గాలంటే డివైడర్ ఉండాల్సిందే, దాంట్లో నాకు అనుమానం లేదు. కానీ సందు ఎక్కడ వదిలారన్నది కారులో కూర్చున్నవాడి లెక్క. కారుకు అర కిలోమీటర్ ముందుకు పోయి తిరిగి రావడం ఒక పాట వినేంత పని కూడా కాదు. తొక్కేవాడికి ఆ దూరమంతా కాళ్లలో తెలుస్తుంది. అవతలి వైపు నాలుగు ఇళ్ల కోసం అంత దూరం పోయి తిరిగిరావాలంటే పిల్లాడు మనసులో లెక్కేసుకుంటాడు. రోడ్డు అంచునే ఎదురుగా పోతే రెండు నిమిషాల పని.

"రాంగ్ రూట్ల పోకు బిడ్డా" అంటే ఒకడు నన్ను నిలబెట్టి అడిగాడు: "నంబర్ ప్లేట్ లేనిదానికి రూలేందన్నా?"

వాడి మాటలో సగం నిజం ఉంది. చలాన్ రావాలంటే నంబర్ ఉండాలి, కెమెరాకు దొరకాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం పేరులోనే మోటారు ఉంది. సైకిల్‌కు లైసెన్స్ లేదు, ఆర్సీ లేదు, ఇన్సూరెన్స్ లేదు. మా నాయిన చెప్పేవాడు, తన చిన్నప్పుడు సైకిల్‌కు మున్సిపాలిటీ బిళ్ల ఉండేదని, రాత్రిపూట బత్తి లేకుండా పోయినా, డబుల్స్ పోయినా పోలీసు ఆపి రెండు టైర్ల గాలీ తీసేవాడని. ఆ గాలి తీసే పోలీసు ఎప్పుడో మాయమయ్యాడు. 2019లో చట్టం మార్చినప్పుడు 138వ సెక్షన్‌లో ఒక కొత్త ఉప సెక్షన్ చేర్చారు. మోటారు లేని బండ్లు, నడిచేవాళ్లు రోడ్డు మీద ఎలా సాగాలో, వాళ్లకు ఎక్కడ దారి ఉండాలో రాష్ట్ర ప్రభుత్వాలు రూల్స్ చేయవచ్చని దాని సారాంశం. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ రూల్స్ ఆరు నెలల్లో చేయండని రాష్ట్రాలకు చెప్పింది. చట్టం మారిన ఆరేళ్లకు కోర్టు గుర్తు చేయాల్సి వచ్చిందంటే, సైకిల్ వాడూ నడిచేవాడూ ఎవరి ఫైల్లో ఉన్నారో అర్థం చేసుకోవచ్చు.

అయినా సరే, పిల్లాడితో నేను చట్టం మాట్లాడలేదు. చట్టం చెప్తే నవ్వుతారు. పేపర్ వెనక పెన్నుతో రోడ్డు గీసి చూపించాను.

మొదటిది. బైకు యాభైలో పోతోంది, నువ్వు పదిహేనులో తొక్కుతున్నావు. ఒకే వైపు పోతుంటే వాడికీ నీకూ తేడా ముప్పై అయిదు. నువ్వు ఎదురుగా పోతే అరవై అయిదు. బండీ అదే, నువ్వూ అదే, దెబ్బ మాత్రం వేరే.

రెండోది ఎవరూ ఆలోచించరు. సందులోంచి కారో ఆటోనో మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు డ్రైవర్ ఎటు చూస్తాడు? కుడి దిక్కు. బండ్లు వచ్చేది అటు నుంచే కాబట్టి. ఎడమ దిక్కు చూడడు, చూడాల్సిన పని వాడికి లేదు. రాంగ్‌లో వచ్చే సైకిల్ సరిగ్గా ఆ చూడని దిక్కు నుంచి వస్తుంది. వాడు ఖాళీగా ఉందనుకుని క్లచ్ వదులుతాడు.

మూడోది నాకు కూడా ఆ పెద్దసారు దెబ్బ తిన్న తర్వాతే తెలిసింది.

ఆయన రిటైరైన టీచర్. మా చందాదారు, ఎన్నో ఏళ్ల నుంచి. చలికాలం పొద్దున చీకట్లోనే నడకకు వచ్చేవాడు. డిసెంబర్‌లో మనకు ఆరున్నర దాటితే గానీ సూర్యుడు కనబడడు, ఈయన అయిదింటికే రోడ్డు మీద ఉంటాడు. మా పిల్లాడు ఒకడు డివైడర్ సందు దాకా పోవడం బద్ధకమై ఎదురుదారిలో వచ్చి ఆయన్ని వెనక నుంచి గుద్దాడు. ఆయన చెయ్యి ఆనించి పడ్డాడు, మణికట్టు విరిగింది. పిల్లాడి మోకాలు చీరుకుపోయింది, పేపర్లు రోడ్డంతా. ఫోన్ వస్తే పోయి, ఆటోలో ఎక్కించుకుని, ఎక్స్‌రే, కట్టు అన్నీ అయ్యాక ఇంటికి దించాను. నాకు టెన్షన్, కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి కేసు పెడతాడేమోనని. పెద్దసారుకు ఆ ఆలోచనే లేదు. ఆయన్ని తొలిచేది వేరే.

"బడిల పిల్లలకు ఏం చెప్పిన్నో అదే చేసిన గదయ్యా. ఫుట్‌పాత్ లేకపోతే రోడ్డుకు కుడి దిక్కు నడువుండ్రి, ఎదురుంగ వచ్చే బండ్లు కనబడతయి అని చెప్పేది. అట్లనే నడుస్తున్న. ఎదురుంగ వచ్చేటివన్ని చూసుకుంటున్న. ఎనుక నుంచి ఎవడొస్తడు?"

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన పద్ధతి. బండ్లను చూస్తూ నడవాలి, వీపు చూపించి నడవకూడదు. కానీ రాంగ్‌లో పోయే సైకిల్ కూడా అదే వైపు, అదే అంచున, అదే దిక్కుకు పోతుంది. అంటే రూల్ పాటించి నడిచేవాడి వీపు మీదికే వస్తుంది. ఇంజన్ చప్పుడు ఉండదు కాబట్టి వినబడదు. రూల్ తెలియక ఎడమ పక్కన నడిచేవాడికైతే ఎదురుగానైనా కనబడేది. రాంగ్ రూట్ సైకిల్ మొట్టమొదట కొట్టేది ఒద్దికగా నడిచేవాణ్ణి. పిల్లలకు బొమ్మ గీసినప్పుడు ఈ మూడోదాని దగ్గరే నిశ్శబ్దమయ్యారు, ఎందుకంటే ఆ సారు వాళ్లందరికీ తెలుసు. సంక్రాంతికి పిలిచి డబ్బులు ఇచ్చే ఇల్లు అది.

తర్వాత నేను చేసిన పని లైన్లు తిరగేయడం. మా భాషలో లైన్ అంటే ఒక్కో పిల్లాడు పేపర్ వేసే ఇళ్ల వరుస. పాత లైన్లన్నీ కాలనీల వారీగా ఉండేవి, మెయిన్ రోడ్డుకు రెండు వైపులా ఒకడే వేసేవాడు. ఇప్పుడు డివైడర్‌ను సరిహద్దు చేశాను. ఇటు వాడు ఇటే, అటు వాడు అటే, అవతలికి పోయే పని ఎవరికీ లేదు. చెప్పడానికి ఒక్క ముక్క, చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏ ఇంట్లో ఏ పేపరు, ఎవరికి ఆదివారం ఒక్కటే, ఎవరింట్లో కుక్క, ఎవరు గేటు కింద నుంచి తోయమంటారు, ఎవరు పాల సంచిలో పెట్టమంటారు, ఇదంతా పిల్లల బుర్రల్లోనే ఉంటుంది, రిజిస్టర్‌లో ఉండదు. దాన్ని ఒకడి నుంచి ఇంకొకడికి ఎక్కించేలోపు నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. పది నిమిషాలు ఆలస్యమైందని పేపర్ మాన్పించినవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్‌లో చూసుకుంటారట. చూసుకోనివ్వండి.

లైట్ల సంగతి ఇంకో కథ. కొత్త సైకిల్ కొంటే ముందు, వెనక, చక్రాలకు, పెడళ్లకు రిఫ్లెక్టర్లతోనే ఇస్తారు. మా పిల్లలవన్నీ చేతులు మారిన సైకిళ్లు, వాటి మీద మెరిసేది ఏమీ మిగలదు. ముందు లైటు కొనిచ్చాను, హ్యాండిల్‌కు బిగించుకున్నారు. తీరా చూస్తే పేపర్ సంచి దానికి అడ్డం. లైటు వెలుగుతుంది, సంచి లోపల. చివరికి పంక్చర్ షాపు అతనే ఉపాయం చెప్పాడు, కింద ఫోర్క్‌కు క్లాంప్ వేసి అక్కడ బిగించమని. వెనక మడ్‌గార్డుకు రేడియం స్టిక్కర్, పెడళ్లకు కూడా రేడియం. తొక్కుతుంటే పెడళ్లు పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి వెనకవాడికి అది సైకిల్ అని దూరం నుంచే తెలుస్తుంది, ఊరికే మెరిసే చుక్కకంటే అదే మేలు. బ్రేకులు మాత్రం నేనే చూస్తాను. వానలో రిమ్ తడిస్తే పాత బ్రేక్ రబ్బర్లు జారుతాయి, పట్టుకోవు. అరిగిపోయినా మార్చకుండా చెప్పు ఆనించి ఆపేవాళ్లు మా దగ్గర ఇద్దరున్నారు. వాళ్ల చెప్పులు ఎందుకు తొందరగా అరుగుతాయో వాళ్లమ్మలకు ఈ పోస్టుతో తెలుస్తుంది.

ఇంకా ఒకటి మానడం లేదు. తొక్కుతూనే ఒంటి చేత్తో పేపర్ చుట్టి మేడ మీదికి విసరడం. ఆ క్షణంలో వాడి కళ్లు బాల్కనీ మీద, చెయ్యి హ్యాండిల్ వదిలేసి ఉంటుంది, సైకిల్ తన ఇష్టం వచ్చినట్టు పోతుంటుంది. ఆపి, కాలు కింద పెట్టి విసరమంటే "ఏం గాదన్నా, పొద్దుగాల ఎవరుంటరు" అంటారు. పొద్దుగాల ఊరంతా ఉంటుంది. ఊడ్చే మున్సిపాలిటీ ఆడవాళ్లు రోడ్డు మీదే వంగి ఉంటారు. పనికి పోయే కూలీలు టిఫిన్ డబ్బా తగిలించుకుని ఇవే సైకిళ్ల మీద అడ్డాకు పోతుంటారు.

సైకిల్ వాళ్లనే అంటున్నావు, నడిచేవాళ్ల సంగతేంటి అంటారా? వస్తున్నా. నలుగురు పక్కపక్కన, రోడ్డు మధ్య వరకు, నల్ల ట్రాక్ ప్యాంటు, నల్ల స్వెటరు, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వెనక మా పిల్లాడు బెల్లు కొట్టి కొట్టి అలిసిపోతాడు. ఒకాయన తిరిగి "రోడ్డు నీ అయ్యదా" అన్నాడట. అయినా ఈ రెండు తప్పులనూ నేను ఒకే తక్కెట్లో వేయను. నడిచేవాడు తప్పు చేస్తే దెబ్బ నడిచేవాడికే. తొక్కేవాడు తప్పు చేస్తే దెబ్బ ఇద్దరికీ. కాబట్టి తగ్గాల్సింది తొక్కేవాడే. ఇదే మాట బైకు వాడికి రెండింతలు, లారీకి పదింతలు వర్తిస్తుంది. కానీ బైకు వాడు నా మాట వినడు, పేపర్ పిల్లాడు వింటాడు, అందుకే వాడికి చెప్తున్నాను.

అసలు ఇద్దరూ ఆ అంచున ఎందుకు కొట్టుకుంటున్నారు? పగలు బిల్లులకు పోయేటప్పుడు చూస్తాను కదా. మోరీ మీద బండలు పరిచి అదే ఫుట్‌పాత్ అన్నారు. ఒక బండ లేచి ఉంటుంది, ఒకటి ఉండనే ఉండదు. దాని మీదికి దుకాణాల మెట్లు, బైకులు ఎక్కించే ర్యాంపులు, ఫ్లెక్సీ స్టాండ్లు, జనరేటర్లు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కంచె మొత్తంగా అడ్డం. అందరూ తోపుడు బండ్ల వాళ్లను తిడతారు. అరటిపండ్ల బండి సాయంత్రానికి కదిలిపోతుంది. సిమెంటు మెట్లు కదలవు, వాటిని తిట్టేవాళ్లు లేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన దగ్గర కొన్నిచోట్ల ఎత్తు మోకాలి దాకా ఉంటుంది. పెద్దసారు వయసు వాళ్లు అంత ఎక్కి దిగలేక రోడ్డు మీదే నడుస్తారు. ఫుట్‌పాత్ ఉన్నా వాడుకోరు అని మనం తీర్పు చెప్పేస్తాం. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. హక్కు అయితే వచ్చింది.

దాటడం అంతకంటే కష్టం. మామూలు మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లని ఇంజనీర్లు లెక్క వేస్తారు. డివైడర్ దాకా రెండు లేన్లు అంటే ఏడు మీటర్లు, దాదాపు ఆరు సెకన్లు. యాభైలో వచ్చే బైకు ఆ ఆరు సెకన్లలో 80 మీటర్లు దాటేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఎనిమిదీ తొమ్మిదీ సెకన్లు పడుతుంది, ఆ లోపు బండి 120 మీటర్లు వచ్చేస్తుంది. అంత దూరంలో ఉన్న బండిని చూసి అది ఎంత వేగంలో వస్తుందో ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని అంచనా వేయాలి. జీబ్రా గీతల దగ్గర బండి ఆపి నడిచేవాళ్లకు దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇక్కడ జీబ్రా దగ్గర ఆగితే వెనకవాడు హారన్ కొట్టి చంపేస్తాడు.

జిల్లా పేపర్లో రోజూ ఒక సింగిల్ కాలమ్ ఉంటుంది, "గుర్తు తెలియని వాహనం ఢీకొని" అని మొదలవుతుంది. కట్టలు విప్పేటప్పుడు నా కళ్లు దాని మీదే పడతాయి, మన లైన్లలో ఊరు ఏదైనా ఉందేమోనని. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491. అందులో నడుస్తూ పోయినవాళ్లు 32,825. రోజుకు తొంభై మంది. గుర్తు తెలియని బండి గుద్ది చనిపోతే ఆ కుటుంబానికి 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు ప్రభుత్వం తరఫున ఇవ్వాలని స్కీం ఉంది. బిల్లులకు పోయినప్పుడు ఈ సంగతి చెప్తే విననివాళ్లే ఎక్కువ. ఆ సింగిల్ కాలమ్ కింద ఈ ఒక్క వాక్యం రోజూ వేస్తే ఎంత బాగుంటుంది. నేను ఏజెంట్‌ని, ఎడిటర్‌ని కాను.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పు, 2023 అక్టోబర్‌లో మొదలైంది. ఒకసారి పోయి చూసి వచ్చాను, బాగుంది, నీడగా ఉంది. ఇక్కడ కూడా ఆదివారం పొద్దున పిల్లలమర్రి రోడ్డు మీద ఖరీదైన గేర్ సైకిళ్లు కనబడుతున్నాయి, హెల్మెట్లు, కళ్లు చెదిరే లైట్లు. మంచిదే. వాళ్లకు దీపం ఉంది, హెల్మెట్ ఉంది, కానీ ముసలివాళ్ల పక్క నుంచి ఆ వేగంతో దూసుకుపోయేటప్పుడు బెల్లు మాత్రం ఉండదు. బెల్లు పెడితే సైకిల్ అందం పోతుందట. ఆ సోలార్ కప్పు నాకు వద్దు. మెయిన్ రోడ్డు డివైడర్‌లో నడిచేవాళ్లకు, సైకిల్ తోసుకుంటూ దాటేవాళ్లకు సరిపోయే సందులు ఇంకొన్ని పెట్టి, వాటి ముందు బండ్ల వేగం తగ్గేలా ఎత్తు చేసిన జీబ్రా వేస్తే చాలు. కారు తిరగనంత సన్నగా ఉన్నా పరవాలేదు, పేపర్ సైకిల్ పడితే చాలు. ఒక అర్జీ రాసి ఇచ్చాను. తీసుకున్నాయన చదివి, "సైకిళ్లు ఇంకా ఎవరు తొక్కుతున్నరు?" అన్నాడు. ఆయన ఇంటికి పేపర్ వేసేది సైకిల్ మీదనే.

ఈ ఒకటో తారీఖు నుంచి బిల్లుతో పాటు ఒక చీటీ పెడుతున్నాను. పైన నడిచేవాళ్లకు: ఫుట్‌పాత్ లేనిచోట కుడి పక్కన నడవండి, తెల్ల చొక్కానో లేత రంగు చున్నీనో వేసుకోండి, ఒక చెవి ఖాళీగా ఉంచండి, గుంపుగా ఉంటే ఒకరి వెనక ఒకరు పొండి. కింద మా పిల్లల గురించి: పేపర్ సైకిల్ ఎప్పుడైనా మీకు ఎదురుదారిలో గానీ, లైట్ లేకుండా గానీ కనబడితే ఆ రోడ్డు పేరు, టైము చెప్పండి, పిల్లాడి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఏ లైనో నాకు తెలుస్తుంది. ప్రింటింగ్ ప్రెస్ వాడు దుకాణం పేరు పెద్దగా వేయనా అని అడిగాడు. ఫోన్ నంబర్ పెద్దగా వేయమన్నాను, కళ్లద్దాలు లేకుండా కూడా చదివేంత.

చీటీలు పేపర్లలో పెట్టాల్సింది ఆ పిల్లలే. ఒకడు నిలబడి కింది దాకా చదివి, "మామీద మీరే కంప్లైంట్ చేయిస్తున్నరా అన్నా?" అన్నాడు. అవును, కట్ట పూర్తి చెయ్ అన్నాను.